కోపానికి మూడు ప్లస్సులు

మా అత్తగారు నా కోపాన్ని ప్రార్థన అంశం చేసింది ఒక బుధవారం సాయంత్రం. రాయపూర్‌లో మా తెలుగు సంఘం వాళ్ళు ప్రతి బుధవారం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టేవారు. పాటలయ్యాక పాస్టరుగారు "ప్రార్థన అంశాలేమైనా ఉన్నాయా?" అని అడిగేవారు, ఒక్కొక్కరూ లేచి చెప్పుకునేవారు. ఒకరికి కొడుకు పరీక్ష, ఒకరికి ట్రాన్స్‌ఫరు, ఇంకొకరికి మోకాళ్ళ నొప్పులు. ఆ వారం కూటం మా రైల్వే క్వార్టర్లోనే. చాపలు నేనే పరిచాను, కప్పులు నేనే కడిగి పెట్టాను. మా అత్తగారు లేచి, పమిట సర్దుకుని, గొంతు తగ్గించి, "మా కోడలికి ఈ మధ్య కోపం బాగా ఎక్కువైపోయిందండీ. ఆడవాళ్ళ మందు వాడుతుందిలెండి, దాని వేడి. ఆ అమ్మాయి శాంతి కోసం అందరూ జ్ఞాపకం చేసుకోవాలండీ" అంది.

ఇరవైమంది కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. నేను పరిచిన చాపల మీద కూర్చుని నా ఒంటి సంగతి దేవుడికి విన్నవిస్తున్నారు. దేవుడికి ముందే తెలుసు. తెలియనిది ఆ ఇరవైమందికి, ఆ సాయంత్రంతో వాళ్ళకీ తెలిసిపోయింది. టీ ఇస్తుంటే ఒకావిడ నా చెయ్యి నిమిరి, "ఈ వయసులో అంతేనమ్మా" అంది. ఆ కప్పు ఆవిడ ఒళ్ళో ఒలికించకుండా ఆగినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఇన్నేళ్ళయినా ఆ సాయంత్రం గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. శాంతంగా రాయడం నాకు చేతకాదు. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

అప్పటికి నాకు నలభై నాలుగేళ్ళు. ఎనభైల చివరి రోజులవి, రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. మాది తుని పక్క. మా ఆయనకి రైల్వేలో ఉద్యోగం. నేను ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుని. ఒక్కతే కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆ ఏడు వార్డు సిస్టర్లుగా ప్రమోషనిచ్చేవాళ్ళ జాబితా తయారవుతోందని, అందులో నా పేరు ఉంటుందని మేట్రన్ ఒకసారి నోరు జారింది. ఇరవై ఏళ్ళు బెడ్‌పాన్ల మధ్య తిరిగినదాన్ని, ఆ మాట నాకు చిన్నది కాదు.

అదే ఏడు నా ఒళ్ళు నా మాట వినడం మానేసింది. నెలసరి ఒక నెల వచ్చేది కాదు, మరుసటి నెల పది రోజులైనా ఆగేది కాదు. ఉన్నట్టుండి ఛాతీలోంచి వేడి లేచి మెడ మీదికి పాకేది, యూనిఫాం వీపుకి అతుక్కుపోయేది. మా లేడీ డాక్టర్ని అడిగాను. నాకంటే పదేళ్ళు చిన్నది. తల ఎత్తకుండానే, "ఈ వయసులో మామూలే సిస్టర్. మరీ ఇబ్బందైతే గర్భసంచి తీసేద్దాం, ఇంకెందుకది?" అంది. పుచ్చుపన్ను పీకేద్దాం అన్నంత తేలిగ్గా అంది. ఆ ఆపరేషనయినవాళ్ళకి దగ్గరుండి డ్రెస్సింగు చేసినదాన్ని నేను. అది తేలిక కాదని ఆవిడ కంటే నాకే బాగా తెలుసు. ఇంక ఆవిణ్ణి అడగలేదు.

మా అత్తగారు తన తమ్ముడికి ఉత్తరం రాసింది. తుని దగ్గర నాటువైద్యుడెవరో దంచిచ్చిన పొడి గుడ్డమూటలో వచ్చింది. మావాళ్ళకి పోస్టాఫీసు మీద నమ్మకం లేదు. ఆవకాయ, కరివేపాకు మొక్క, సంబంధాల ఫొటోలు, అన్నీ వాల్తేరు ప్యాసింజరు గార్డు చేతిమీదుగానే రాయపూర్ వచ్చేవి. ఆ మూటకి కట్టిన చీటీ మీద మందు పేరు లేదు, మోతాదు లేదు. 'కోడలికి' అని మాత్రం ఉంది. పేరు రాయని సీసా వార్డులో కనిపిస్తే పారబోయించే నేను, ఆ పొడిని రోజూ పొద్దున్నే పరగడుపున చెంచాడు మజ్జిగలో కలుపుకుని తాగాను. ఎదురుగా మా అత్తగారు నిలబడి, గ్లాసు ఖాళీ అయ్యాకే కదిలేది.

ఇక రెండో మందు సంగతి. మా వార్డులో ఒక ఆయా ఉండేది. అభన్‌పూర్ వైపు పల్లెటూరి ఛత్తీస్‌గఢీ మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. అందరూ బాయి అనే పిలిచేవారు, నేనూ అంతే. పదిహేనేళ్ళు ఇద్దరం ఒకే వార్డులో పనిచేశాం. ఎంతమంది బిడ్డలు మా ఇద్దరి చేతుల్లోకి జారారో చెప్పలేను. నాకు కోపమొస్తే ఇంట్లో అందరూ పక్కకి తప్పుకునేవాళ్ళు. బాయి మాత్రం చేతిలో పని కింద పెట్టి, ఎదురుగా వచ్చి నిలబడి, "కాబర్ రిసాథస్, సిస్టర్?" అనేది. ఎందుకు కోప్పడుతున్నావు అని. జవాబు చెప్పేదాకా కదిలేది కాదు. చెప్పాక "హూఁ" అని పనిలోకి పోయేది. ఆ 'హూఁ' కోసమే ఒక్కోసారి చెప్పేదాన్ని.

కేసుషీటుతో విసురుకుంటున్న నన్ను చూసి ఒకరోజు ఆమె చీర కొంగులోంచి ఎండిన వేళ్ళ కట్ట తీసింది. వేలెడంత పొడుగు, పాలిపోయిన రంగు. వాళ్ళ చేలగట్టు మీద తానే తవ్వి, తానే ఎండబెట్టిందట. పాలల్లో మరిగించి సాయంత్రం తాగమంది. తీసుకున్నాను. బాయి మీద నమ్మకంతో ఆ వేళ్ళు, అత్తగారి మీద భయంతో ఆ పొడి. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. 'వాళ్ళ చేతి మందు' ఇంట్లోకి వచ్చిందంటే మా అత్తగారు గిన్నెలు కూడా కడిగిస్తుంది. పొడి సంగతి బాయికి చెబితే తను చిన్నబుచ్చుకుంటుంది. డాక్టరుకి చెబితే నా పరువు పోతుంది.

వార్డులో చేరే ప్రతి మనిషినీ నేను మొట్టమొదట అడిగే ప్రశ్న, "ఇంకేం మందులు వాడుతున్నావు? అన్నీ తెచ్చి చూపించు" అని. ఒకే మాత్రని రెండు కంపెనీల పేర్లతో రెండు పూటలా మింగుతున్నవాళ్ళని పట్టుకుని, వార్డంతా వినేలా కేకలేసిన రోజులున్నాయి. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు.

నర్సు బుద్ధి కదా, చార్టు మాత్రం పెట్టాను. పాత టెంపరేచరు చార్టుల వెనకవైపు గీతలు గీసి, బీరువా తలుపు లోపల అతికించాను. పొడి, వేరు, నిద్ర, వాపు, తలపోటు, కోపం. యూరిన్‌లో షుగరుకి ప్లస్సులు వేసినట్టే కోపానికీ ప్లస్సులు వేశాను. చిరాకైతే ఒకటి, అరిస్తే రెండు, చేతిలోది విసిరితే మూడు.

మొదటి మూడు వారాలూ బాగానే ఉంది. వేడి తగ్గింది, నిద్రపట్టింది. మా అత్తగారు తన తమ్ముణ్ణి తలుచుకుని మురిసిపోయింది, నేను లోలోపల బాయిని తలుచుకున్నాను. నాలుగో వారం నుంచి మొదలైంది. రొమ్ములు బరువెక్కి రవిక హుక్కులు పెడుతుంటే ప్రాణం పోయేది. సాయంత్రానికి చీలమండలు వాచి చెప్పుల పట్టీ అచ్చు పడేది. కణతల దగ్గర తలపోటు. పాలు పొంగిపోయాయని వంటింట్లో కూలబడి గంటసేపు ఏడ్చాను. ఏడుస్తుంటే ఏడుపు ఎందుకొస్తోందో నాకే తెలియలేదు, దానికి మళ్ళీ కోపమొచ్చింది.

పండరీ బట్టల బజార్లో ఒకరోజు కర్టెన్ల గుడ్డ తీసుకున్నాం. కొట్టువాడు గజంబద్ద జారవిడిచి తక్కువ కొలిచాడనిపించింది. హిందీలో మొదలుపెట్టి తెలుగులో ముగించాను. కొట్టు కొట్టంతా చేతులు ముడుచుకుని నన్ను చూసింది. మా ఆయన బయటికెళ్ళి స్కూటరు పక్కన, నేనెవరో తెలియనట్టు నిలబడ్డారు. ఇంటికొచ్చి కొలిస్తే గుడ్డ సరిగ్గానే ఉంది. చార్టులో మూడు ప్లస్సులు వేశాను. ఆ కొట్టువాడికి నేను క్షమాపణ బాకీ, అది ఒప్పుకుంటాను.

అన్నీ అలాంటివి కావు. మా ఆయన తన తమ్ముడి సంసారానికి మా ముందుగది ఇస్తానని నాతో ఒక్క మాటైనా అనకుండా మాటిచ్చేశారు. ఆ గది మా అమ్మాయిది, సెలవులకి వస్తే దాని పుస్తకాలు అక్కడే. నేను అరవలేదు. భోజనాల దగ్గర నెమ్మదిగానే, "నన్నడగాలి కదండీ" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, మా అత్తగారితో, "ఇవాళ వేసుకుందా?" అని అడిగారు. "వేసుకుందిరా, నా ఎదురుగానే" అని ఆవిడ. "అదీ సంగతి" అని ఆయన పెరుగు కలుపుకున్నారు. నేను అక్కడే, చేతిలో గరిటెతో నిలబడి ఉన్నాను.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నేను మాట్లాడటం మానేసినట్టే, పొడి మాట్లాడేది. కూరలో ఉప్పు తగ్గిందంటే పొడి. మరిది పిల్లలు నా యూనిఫాం మీద సిరా పోశారంటే పొడి. ఒక మనిషి నోరు నొక్కడానికి చెయ్యి అక్కర్లేదు, "వేసుకుందా?" అన్న ఒక్క ప్రశ్న చాలు. వాళ్ళని ఎంత అసహ్యించుకున్నానో చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. ఆ తర్వాతే ఆ బుధవారం కూటం, ఆ ప్రార్థన అంశం.

కూటమైన వారానికి మా అత్తగారు దారపుకండె కోసం కుట్టుమిషను సొరుగు లాగింది. బాయి ఇచ్చిన వేళ్ళు అందులోనే దాచాను. ఆవిడ కట్ట పైకి తీసి, వాసన చూసి, "ఇదేంటమ్మాయ్, పిల్లితేగలు ఇక్కడున్నాయేంటి? పొడి అయిపోయిందా?" అంది.

"పొడిలో ఉన్నవి ఇవేనా?"

"ఇవేగా. కాస్త అశోక బెరడు కూడా. మా తమ్ముడు దగ్గరుండి దంచించాడు."

పొద్దున పొడిగా ఒక మోతాదు, సాయంత్రం వేరుగా ఇంకో మోతాదు. మూడు నెలలుగా ఒకే మందుని రెండింతలు తాగుతున్నాను. వార్డులో ఎవరెవరినైతే ఇందుకు చీల్చి చెండాడానో వాళ్ళందరూ వరసగా కళ్ళముందు నిలబడ్డారు.

"ఎవరిచ్చారే నీకివి?" అంది అత్తగారు.

"బజార్లో కొన్నాను" అన్నాను. బాయి పేరు ఎత్తలేదు. అప్పుడది బాయిని కాపాడటం అనుకున్నాను.

మర్నాడు చార్టు పట్టుకుని డాక్టరు దగ్గరికెళ్ళాను. పొడీ వేళ్ళూ చూపించి, రెండూ ఊరి నుంచి వచ్చిన నాటుమందే అన్నాను. ఆమె బీపీ చూసి, కాళ్ళు నొక్కి చూసి, "మీరే ఇలా చేస్తే రోగులకేం చెబుతాం సిస్టర్?" అంది. అనాల్సిన మాటే అంది కాబట్టి పడ్డాను. రెండూ ఆపమంది, చార్టు మాత్రం ఆపవద్దంది. డాక్టరు మాటని అత్తగారితో చెప్పి పొడి మానేశాను. మిగిలిన వేళ్ళు పేపర్లో చుట్టి బాయికి తిరిగిచ్చేశాను. నవరాత్రి మొదటి రోజది, ఆమె వాళ్ళ ఊళ్ళో అమ్మవారికి జోత్, అంటే అఖండదీపం, వెలిగించడానికి సెలవు చెప్పి వెళ్తోంది. "నాకు పడలేదు బాయీ" అన్నాను అంతే. పొడి సంగతి అప్పుడూ చెప్పలేదు. ఆమె మొహం చిన్నబోయింది. "నా వల్ల నీకు కష్టమైందా?" అని రెండుసార్లు అడిగింది. లేదని ఒక్కసారైనా అన్నానో లేదో గుర్తులేదు.

వారం తిరిగేసరికి వాపు దిగింది. పది రోజులకి తలపోటు పోయింది. రొమ్ముల నొప్పి తగ్గింది, పాలు పొంగితే తుడుచుకుని ఊరుకున్నాను. వేడి మాత్రం మళ్ళీ మొదలైంది. దానికి డాక్టరు చెప్పినట్టే, కాఫీ మానేసి, పొద్దున్నే స్టేషన్ దాకా నడిచొచ్చి, సర్దుకున్నాను. దీపావళి నాటికి ప్లస్సులు ఒకటికి దిగి, తర్వాత సున్నాలు పడ్డాయి.

దీపావళి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున రౌండ్లు. డాక్టరు ఒక బాలింత దిండు సర్దబోతే దాని కింద నుంచి వేళ్ళ కట్ట పడింది. అవే వేళ్ళు. ఆమె దాన్ని ఎత్తి పట్టుకుని, వార్డంతా వదిలేసి, సూటిగా నన్నే చూసింది. "ఇది మీ ఊరి మందే కదా సిస్టర్?"

పక్కన మేట్రన్ ఉంది. వార్డు సిస్టర్ల జాబితా ఆవిడ బల్ల మీదే ఉందని నాకు తెలుసు. బాయి రెండు మంచాల అవతల బెడ్‌పాన్ పట్టుకుని నిలబడి ఉంది.

"నాదెందుకవుతుంది డాక్టర్?" అన్నాను. "బాయి పని ఇది. వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా ఇంతే. అడవి మనుషులు, ఆకులూ వేళ్ళూ తప్ప ఏం తెలుసు వీళ్ళకి?"

గొంతు పెంచలేదు. ఉష్ణోగ్రత చెప్పినట్టు చెప్పాను. బాయి నా వైపు చూసింది. ఒక్క మాట చాలు ఆమెకి. 'ఇదే వేరు నా చేతి నుంచి మూడు నెలలు తాగలేదా సిస్టర్?' అంటే అక్కడికక్కడే నా పని అయిపోయేది. ఆమె బెడ్‌పాన్ తీసుకుని బయటికెళ్ళి, కడిగి, తెచ్చి, ఎక్కడిది అక్కడ పెట్టింది. నేను రిపోర్టు బుక్కులో, ఆయా రోగులకి నాటువేర్లు ఇస్తోందని, నా చక్కటి దస్తూరితో రాశాను. మర్నాటి నుంచి బాయిని లాండ్రీకి మార్చారు.

ఆ వారం కూటంలో మా అత్తగారు మళ్ళీ లేచింది. "మా కోడలి కోపం తగ్గిందండీ, అందరూ చేసిన ప్రార్థన ఫలించింది. దేవుడికి స్తోత్రం" అంది. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను.

ఇంకో రెండు రోజులకి ఆ బాలింత ఇంటికి వెళ్ళిపోతూంటే, వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "మా వేళ్ళ కట్ట ఏదమ్మా? పిల్లకి పాలు పడతాయని ఇంటి నుంచి నేనే తెచ్చుకున్నాను" అని అడిగింది. పారేశారని చెప్పాను. "ఒక మాట అడగాల్సింది కదా" అని సణుక్కుంటూ వెళ్ళింది. అడగాల్సింది. నిజమే.

ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. మా ఆయన గుచ్చి గుచ్చి అడిగితే జరిగింది చెప్పాను. ఆయన, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎప్పుడో గానీ వినని మెత్తటి గొంతుతో, "అది నువ్వు కాదులే. ఆ పొడి. ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుందట" అన్నారు. మా అత్తగారు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "నువ్వట్టాంటిదానివి కాదమ్మా, నాకు తెలియదా?" అంది.

నెలల తరబడి ఆ మాటని అసహ్యించుకున్నాను. ఆ మాట అన్నందుకు వాళ్ళ మొహాలు చూడాలనిపించేది కాదు. ఆ సాయంత్రం అదే మాట చలికి దుప్పటి కప్పినట్టు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అన్నం కూడా తిన్నాను. నన్ను నేను ఎక్కువగా అసహ్యించుకోవాల్సింది ఆ ముద్దల గురించే అని ఇప్పుడనిపిస్తుంది.

ఆ మాట మూటగట్టుకుని మర్నాడు మధ్యాహ్నం లాండ్రీకి వెళ్ళాను. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డది, లోపల ఆవిరి, సోడా ఘాటు. బాయి రక్తపు మరకల దుప్పట్లు తొక్కి ఉతుకుతోంది. చేతులు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి. ప్రసూతి వార్డులో బిడ్డల్ని పట్టుకునే చేతులవి. నన్ను చూసి పని ఆపలేదు.

"తప్పయింది బాయీ" అన్నాను. "ఆ వేళ్ళు నువ్వివ్వలేదని తెలిసింది. ఏం చెయ్యను, ఆ మందు వల్ల నా మనసు నా చేతిలో లేదు. ఇంట్లో ఇంకో పొడి కూడా తాగాను, నీకు చెప్పలేదు. రెండూ కలిసి..."

"ఏ మందు?" అంది.

"నువ్విచ్చిందే."

ఆమె దుప్పటి పిండి, విదిలించి, గోడమీద వేసింది. హిందీలో, నెమ్మదిగా, లెక్క చెబుతున్నట్టు చెప్పింది. "అది నువ్వు నాకు తిరిగిచ్చేశావు. జోత్ పెట్టిన రోజు. ఆ తర్వాత నవరాత్రి అయింది, దసరా అయింది, దీపావళి అయింది. ఆ తర్వాత కదా నువ్వు ఆ మాట అన్నది."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి ఎత్తింది.

"మందు తాగినన్నాళ్ళూ నన్ను చాలా తిట్టావు సిస్టర్. బకెట్టు తన్నావు ఒకసారి. అప్పుడు ఎందుకని అడిగాను, నువ్వు చెప్పావు, అయిపోయింది. మొన్న నువ్వు తిట్టలేదు. ఊరికే చెప్పావు."

అని మళ్ళీ తొట్టిలోకి దిగింది. నేను వచ్చేశాను.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. ఆ మాట అన్న రోజు గడి వెతికాను. రిపోర్టు బుక్కులో రాసిన సాయంత్రమే, ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం చార్టు కూడా నింపాను. పొడి: లేదు. వేరు: లేదు. నిద్ర: ఏడు గంటలు. వాపు: లేదు. తలపోటు: లేదు. కోపం: సున్న. నా చేత్తో, నా పెన్నుతో వేసిన సున్న. గుండ్రంగా, శుభ్రంగా ఉంది.

పండరీ కొట్టువాడి మీద అరిచింది మందు అయ్యుండొచ్చు. పాలకి ఏడ్చింది మందే. అడవి మనుషులు అన్నది మాత్రం నేను. పదిహేనేళ్ళు ఆమె పక్కన నిలబడి పనిచేస్తూ, లోపల ఎక్కడో ఆ మాటని దాచిపెట్టుకున్నాను. మా అత్తగారి గిన్నెల పట్టింపుని చూసి లోలోపల నవ్వుకునేదాన్ని, నాకు అది లేదనుకునేదాన్ని. భయం వేసిన క్షణాన చెయ్యి పెట్టగానే అందే చోటే ఉంది ఆ మాట.

మర్నాడు మేట్రన్ గదికెళ్ళి మొత్తం చెప్పాను. వేళ్ళు ఎవరు తెచ్చారో, నేను ఎవరి చేతి వేళ్ళు మూడు నెలలు తాగానో, రిపోర్టు బుక్కులో నేను రాసింది అబద్ధమని, అన్నీ. ఆవిడ చెడ్డ మనిషి కాదు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకుని, "కాగితం మీద రాసివ్వండి. బాయిని వెనక్కి పిలిపిస్తాను" అంది. కాగితం నా ముందుకి జరిపి, గొంతు తగ్గించి, "ఆరోగ్యం బాగోలేక పొరపాటు జరిగిందని రాయండి సిస్టర్. డాక్టరు కూడా ఔనంటుంది. జాబితా ఇంకా పైకి పంపలేదు" అంది.

నా కోసం తెరిచి పెట్టిన తలుపది. మా ఇంట్లోవాళ్ళు తెరిచిందీ అదే తలుపు. పెన్ను తీసుకుని జరిగిందంతా రాశాను. చివర్లో, 'ఆ రోజు నా ఆరోగ్యం బాగానే ఉంది' అని రాసి సంతకం పెట్టాను.

జాబితాలో నా పేరు రాలేదు. మా ఆయన వారం రోజులు మాట్లాడలేదు, తర్వాత "ఇప్పుడు కూడా ఏమైనా వాడుతున్నావా?" అని అడిగారు. ఏమీ వాడటం లేదని, ముందుగది ఖాళీ చేయించమని చెప్పాను. అరవలేదు. రెండు నెలలు పట్టింది గానీ ఖాళీ చేశారు.

బాయి సోమవారం వార్డుకి వచ్చేసింది. నాకు వందనం చేసింది, పని చూసుకుంది. ఆమె రిటైరయ్యేదాకా ఇంకో ఎనిమిదేళ్ళు ఇద్దరం కలిసే పనిచేశాం. ఏది అడిగినా చేసింది, ఏ రోజూ పేచీ లేదు. ఆ ఎనిమిదేళ్ళలో డాక్టర్ల మీద, బంధువుల మీద, ఆమె మీద కూడా, ఏ మందూ లేకుండానే నేను చాలాసార్లు కోప్పడ్డాను. అరిచి ఆగి, ఆమె వైపు చూసేదాన్ని.

ఎందుకు కోప్పడుతున్నావని ఆమె ఇంకెప్పుడూ అడగలేదు.